10-12 ఫ్రేము డిసెంబరు పదో తేదీ ఎట్లా అయింది

"ఈ పది డిసెంబరు ఏందమ్మా?" అని అడిగాడు మా మేస్త్రి. అద్దం కోసే ముందు కొలతలు చూసుకుందామని కంప్యూటరు తెర మీదికి వంగాడు. అది 2023 జూన్. డిసెంబరులో ఇవ్వాల్సిన పని మా దగ్గర ఒక్కటీ లేదు.

నేను కొట్టింది 10-12. అంటే పది అంగుళాల అడ్డం, పన్నెండు అంగుళాల నిలువు. ఎంటర్ నొక్కేసరికి ఎక్సెల్ దాన్ని డిసెంబరు పదో తేదీ చేసి కూర్చోబెట్టింది. దాని పైనున్న 8-10 కాస్తా అక్టోబరు ఎనిమిది అయింది. కిందున్న 20-30 ఒక్కటే చెక్కు చెదరలేదు. ముప్ఫయ్యో నెల ఏ పంచాంగంలోనూ లేదు గదా. తేదీని మళ్లీ అంకె చేయబోతే 45270 అని వచ్చింది. ఎక్సెల్ ప్రతి తేదీనీ 1900 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన రోజులుగా లోపల దాచుకుంటుందని తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం, పది అంగుళాల పెళ్లి ఫొటో నలభై అయిదు వేల అంగుళాలైందని నవ్వాలో ఏడవాలో తోచలేదు.

మాది నేలకొండపల్లిలో ఫొటో ఫ్రేముల కొట్టు. ఖమ్మం నుంచి కోదాడ పోయే బస్సులు ముందు నుంచే పోతాయి. నాన్న 1994లో పెట్టారు. ఖమ్మంలో బీకాం చదివి, పెళ్లయి, మళ్లీ ఊరికే వచ్చి, నాన్న కళ్లు మసకబారాక గల్లా పెట్టె ముందు కూర్చున్నదాన్ని నేను. దేవుడి పటాలు, పెళ్లి ఫొటోలు, రిటైరైన మాస్టర్ల సన్మాన పత్రాలు, పిల్లల సర్టిఫికెట్లు, పోయినవాళ్ల ఫొటోలు. మా వ్యాపారమంతా ఇంతే. శ్రీరామనవమికి ముందు మాత్రం ఊపిరాడదు. నాలుగు చేతులతో రాముడు, ఎడమ తొడ మీద సీతమ్మ, పక్కన లక్ష్మణుడు, ఆ భద్రాద్రి పటం మా చుట్టుపక్కల ఊళ్లలో ఎన్ని ఇళ్లకు కట్టామో లెక్కలేదు. భద్రాద్రి గుడి కట్టించిన రామదాసు మా ఊళ్లో పుట్టినవాడే మరి. ఆయన అసలు పేరు కంచర్ల గోపన్న.

ఆలోచిస్తే ఆయన కథ కూడా లెక్కల కథే. పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా ఉండి, వసూలైన శిస్తులో ఆరు లక్షలు గుడికి ఖర్చు పెట్టి, గోల్కొండ తానీషాకు అప్పగించలేక పన్నెండేళ్లు ఖైదులో ఉన్నాడని చెప్పుకుంటాం. ఏ నగకు ఎంత అయిందో ఆ ఖైదులో కూర్చునే పాటగా ఏకరువు పెట్టాడు. ఆఖరికి రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అని పేర్లు చెప్పుకుని వచ్చి సొమ్ము కట్టారు. కట్టి ఊరుకోలేదు, రసీదు రాయించుకున్నారు. "దేవుడే రసీదు లేకుండా రూపాయి ఇయ్యలేదు, నువ్వెంత?" అని నాన్న అప్పు పెట్టి మర్చిపోయేవాళ్లను ఆటపట్టించేవారు.

నాన్న దగ్గర రెండు పుస్తకాలుండేవి, ఎర్రగుడ్డ బైండువి. ఒకటి చిట్టా, రెండోది ఆవర్జా. పాత షావుకార్ల పద్ధతే. రోజంతా ఏది జరిగితే అది జరిగిన వరసలో చిట్టాలోకి పోతుంది. రాత్రి అన్నం తిన్నాక కూర్చుని దాన్నే ఆవర్జాలోకి ఎక్కించాలి, మనిషికో పేజీ చొప్పున. ఇందులో జమ, బాకీ, నిలువ అన్నీ ఉంటాయి. రాజేశ్వరపురం ఆయన ఎంత బాకీ అంటే నాన్న రెండు నిమిషాల్లో పేజీ తీసేవారు. కానీ బంగారు రంగు రెండంగుళాల పట్టీ కిందటేడు ఎన్ని అడుగులు పోయిందని అడిగితే? ఆ సమాధానం కూడా పుస్తకంలోనే ఉంది. ఎక్కడుందంటే మూడొందల పేజీల్లో తలా ఒక లైనుగా చెదిరి ఉంది. పుస్తకం ఏ వరసలో రాశామో ఆ వరసలో అడిగిన ప్రశ్నకే పలుకుతుంది. అడ్డంగా అడిగితే నోరు మెదపదు.

నేను కంప్యూటరు కొన్నది ఆ అడ్డం ప్రశ్నల కోసమే. ముందు ఎక్సెల్‌తో మొదలుపెట్టాను. ఇట్లా గళ్ల కాగితాన్ని కంప్యూటరులోకి తెచ్చిన మొదటి ప్రోగ్రాముల్లో పేరు మోసింది విసికాల్క్. 1978లో హార్వర్డ్‌లో బిజినెస్ చదువుతున్న డాన్ బ్రిక్లిన్ అనే కుర్రాడికి వచ్చిన ఆలోచన అది. క్లాసులో మాస్టరు బోర్డు మీద గళ్ల లెక్క వేస్తుంటే, ఒక అంకె మారితే దాని కింద ఉన్నవన్నీ చెరిపి మళ్లీ రాయాల్సి వచ్చేదట. ఒకటి మారిస్తే మిగతావి వాటంతట అవే మారే పలక ఉంటే ఎట్లా ఉంటుంది అనుకున్నాడు. బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి 1979లో ఆపిల్ కంప్యూటరు మీద దాన్ని తెచ్చాడు. నేను మొదటిసారి పట్టీ ధర ఒక గడిలో మార్చి, పదహారు సైజుల ఫ్రేముల ధరలు నా కళ్ల ముందే మారడం చూసినప్పుడు నాన్నను పిలిచి చూపించాను. ఆయన కళ్లజోడు పైకెత్తి చూసి, "బాగుంది. మరి మన లెక్క సరైందేనా?" అన్నారు.

కాదు. సరైంది కాదు. అది తెలియడానికే నాకు షీటు కావాల్సి వచ్చింది.

మేం పట్టీ అనేదాన్ని ఖమ్మం డీలర్లు బీడింగ్ అంటారు. నాన్న ధర చెప్పే పద్ధతి నోటి లెక్క. 12-18 ఫొటో చుట్టుకొలత అరవై అంగుళాలు, అంటే అయిదు అడుగులు. అయిదు అడుగుల పట్టీ ధర, అద్దం, వెనక అట్ట, పిన్నులు, హుక్కు, కూలి. ముప్ఫయ్యేళ్లు ఈ లెక్కతోనే కొట్టు నడిచింది. కానీ ఫ్రేము మూల ఎట్లా కోస్తామో ఒక్కసారి చూడండి. రెండు ముక్కలనూ 45 డిగ్రీల ఏటవాలుగా కోసి కలుపుతాం. లోపలి అంచు ఫొటో అంత ఉంటే, బయటి అంచు ఒక్కో కొసన పట్టీ వెడల్పు అంత పొడుగు పోతుంది. నాలుగు ముక్కలు, ముక్కకు రెండు కొసలు, అంటే ఎనిమిది వెడల్పులు. కాబట్టి అడ్డం, నిలువు కలిపి రెట్టింపు చేసి, దానికి ఎనిమిది పట్టీ వెడల్పులు కలపాలి. ఒక అంగుళం పట్టీతో 12-18 ఫ్రేముకు 68 అంగుళాలు కావాలి. రెండు అంగుళాల పట్టీతో 76. ఫొటో అంచు పావు అంగుళం గాడిలోకి పోతుంది కనుక అసలు లెక్కలో రెండంగుళాలు తగ్గాలి. ఆ రెండూ రంపం తినే పొట్టుకూ, కొసలు సరిచేసుకోవడానికీ వదిలేశాను.

రెండంగుళాల పట్టీ అడుగు 40 రూపాయలు అనుకోండి. మేం డబ్బు తీసుకుంటున్నది అరవై అంగుళాలకు. కోస్తున్నది డెబ్బై ఆరు. తేడా పదహారు అంగుళాలు, 53 రూపాయలు. పట్టీ ఎంత వెడల్పయితే అంత నష్టం. మేమేమో వెడల్పు పట్టీ ఖరీదైనది గనుక అందులోనే లాభం అనుకుని, వచ్చినవాళ్లకు అదే చూపించి, అదే అంటగట్టేవాళ్లం! పట్టీలు లెక్కకు ముందే అయిపోతున్నాయని నాన్న అప్పుడప్పుడు అనేవారు. ఎలుకలు తింటున్నాయా అని మేస్త్రి నవ్వేవాడు. ఎనిమిది వెడల్పుల లెక్క ఆయనకు చేతిలో ఉంది. కోసేటప్పుడు ఎన్నడూ తప్పు కోయలేదు. ఆ సంగతి కోసే బల్ల దగ్గర నుంచి గల్లా పెట్టె దాకా ఎవరూ మోసుకురాలేదు, అంతే.

సరిచేసిన లెక్కతో ధర చెబితే మొదట్లో గొడవే. "కంప్యూటర్ చెప్పిందా బిడ్డా? ఐతే ఇగ బేరం లేనట్టేనా?" అన్నాడొక పెద్దాయన. "కంప్యూటర్ చెప్పింది మాకు పడ్డ ఖర్చు, పెదనాన్నా. బేరం నాతో ఆడు" అన్నాను. ఆడాడు. ఇరవై తగ్గించాను. తేడా ఏమిటంటే, ఇప్పుడు నేను తగ్గించేది నా లాభంలోంచో నా పెట్టుబడిలోంచో నాకు తెలుసు.

అద్దం సంగతి ఇంకా తమాషా. నా దగ్గరికి వచ్చే అద్దం షీటు 36 అంగుళాల అడ్డం, 48 అంగుళాల నిలువు. అందులోంచి 12-18 ముక్కలు ఎనిమిది వస్తాయి, రవ్వంత మిగలదు. 16-20 ముక్కలు ఎన్ని? నలభై ఎనిమిదిలో పదహార్లు మూడు, ముప్ఫై ఆరులో ఇరవై ఒకటి. మొత్తం మూడు అనుకుంటాం. మిగిలిన పదహారు అంగుళాల పొడుగు ముక్కను తిప్పి చూస్తే అందులో ఇంకో రెండు ఉన్నాయి. మొత్తం అయిదు. మేస్త్రి దీన్ని ఏ ఎక్సెల్ షీటూ లేకుండా సుద్దముక్కతో గీసి చూపించాడు. నేనది గళ్లలోకి ఎక్కించింది ఆయన సెలవు పెట్టిన రోజు కోసం.

పట్టీ ముక్కలకూ ఒక షీటు పెట్టాను. పట్టీ పొడుగు 114 అంగుళాలు. అంగుళం పట్టీలో ఒక 12-18 కోస్తే 46 మిగులుతుంది. 8-10 ఫ్రేముకు 44 చాలు. అంటే ఆ ముక్క చెత్తలోకి పోనక్కర్లేదు, దాని కొలత రాసిపెట్టుకుంటే చాలు. ఈ కోతల లెక్కకు ప్రపంచంలో పెద్ద చరిత్రే ఉంది. లియోనిద్ కంటొరోవిచ్ అనే రష్యన్ గణితవేత్తను లెనిన్‌గ్రాడ్‌లో ఒక ప్లైవుడ్ సంస్థ, తమ యంత్రాలకు పని ఎట్లా పంచాలో చెప్పమని అడిగింది. దాంతో మొదలైన ఆలోచనను ఆయన 1939లో పుస్తకంగా వేశాడు. కోతలో వృథా తగ్గించే లెక్క కూడా అందులో ఉంది. ఆ దారిలో చేసిన పనికే 1975లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఈ మాట చెబితే మేస్త్రి తన బల్ల కింద పోగుపడ్డ ముక్కల కుప్ప వైపు చూసి, "మనకు ఎప్పుడిస్తారంట?" అన్నాడు.

నిజం చెప్పాలంటే, ఈ లెక్క అన్నిచోట్లా అంత గొప్పగా ఏమీ ఉండదు. నవమికి కట్టే చిన్న 4-6 పటాలకు ముప్పావు అంగుళం పట్టీ వాడతాం. పటానికి 26 అంగుళాలు. పట్టీకి నాలుగు పటాలొచ్చి పది అంగుళాలు మిగులుతుంది. నాలుగు పట్టీల మిగులు కలిపితే ఇంకో పటం అవుతుంది. నూరు పటాలకు ఒక్క పట్టీ ఆదా. దానికోసం గంట సేపు తెర ముందు కూర్చుంటే ఆ గంటకే నష్టం.

ఇంతవరకు షీటు చేసిన మేలు. ఇక అది పెట్టిన తిప్పలు.

10-12 గొడవ చిన్నది. అడ్డం ఒక గడిలో, నిలువు ఇంకో గడిలో రాస్తే తీరిపోయింది. నిజానికి మొదటి నుంచీ అట్లాగే రాయాల్సింది. రెండు సంగతులను ఒక గడిలో ఇరికించింది నేను. ఈ తప్పు నాదొక్కదానిదే కాదని తెలిసి కాస్త ఊరట కలిగింది. మన శరీరంలోని కొన్ని జన్యువుల పొట్టి పేర్లు మార్చి నెలలా, సెప్టెంబరు నెలలా కనిపించడంతో ఎక్సెల్ వాటినీ తేదీలు చేసేసేది. దానితో ఏళ్ల తరబడి వేగి, ఆ పేర్లు పెట్టే సంఘం 2020లో జన్యువుల పేర్లే మార్చేసింది. వాళ్లకే తప్పలేదు, నాదెంత.

రెండోది ధరల గొడవ. పట్టీల ధరలన్నీ ఒక షీటులో పెట్టి, బిల్లుల షీటు అక్కడి నుంచి ధర తెచ్చుకునేటట్టు ఫార్ములా రాశాను. బ్రహ్మాండంగా ఉందనుకున్నాను. ఒకరోజు డీలరు ధర పెంచాడు, నేను ధరల షీటులో ఒక్క అంకె మార్చాను. అంతే, కిందటేడు అమ్మిన ఫ్రేముల బిల్లులు కూడా పెరిగాయి! ఎప్పుడో డబ్బు మొత్తం కట్టేసిన వాళ్ల పేర్ల పక్కన బాకీలు మొలిచాయి. ఒకటి మారిస్తే అన్నీ మారడమే షీటు గొప్పతనమని మురిసిపోయాను గదా, అదే గొప్పతనం.

మూడోది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. నవమి వారం. పేర్లు వెతకడం కష్టంగా ఉందని పేర్ల వరస ఒక్కటి పట్టుకుని అకారాది క్రమంలో సర్దమన్నాను. పక్క వరసలను కూడా కలుపుకోమంటావా అని ఎక్సెల్ అడిగింది. హడావుడిలో వద్దన్నాను. పేర్లు సర్దుకున్నాయి. కొలతలు, తేదీలు, ఏ ఫొటో అన్నవి మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. సేవ్ చేసి, కంప్యూటరు కట్టేసి ఇంటికి పోయాను. తెల్లారి లిస్టులో ఒక పేరు పక్కన "నాన్న ఫొటో, దండ హుక్కు, రెడీ" అని ఉంటే, ఆయన నంబరు నా ఫోన్లోనే ఉంది గనుక కలిపి, "అన్నా, నాన్నగారి ఫొటో అయిపోయింది, దండ వేయడానికి హుక్కు కూడా పెట్టాం" అన్నాను.

వాళ్ల నాన్న అప్పుడు ఆయన పక్కనే కూర్చుని టీ తాగుతున్నాడట.

ఆ పూటే వాళ్లింటికి పోయి తలవంచుకుని నిలబడ్డాను. కొడుకు ముఖం గంటు పెట్టుకునే ఉన్నాడు. పెద్దాయన మాత్రం రెండు రోజులయ్యాక కర్ర పొడుచుకుంటూ కొట్టుకొచ్చి, "నా ఫొటో కట్టినవంట గదా, ఎట్లొచ్చిందో చూపియ్" అన్నాడు. కట్టింది వేరే ఇంటివాళ్లదని చెబితే, "ఇప్పుడే కట్టు. మంచి పట్టీ నేనే ఏరుకుంటా" అని తీరిగ్గా అన్నీ చూసి, సన్న నల్లపట్టీ పెట్టించుకుని పోయాడు. దానికి కూలి తీసుకోలేదు.

షీటు లోపం ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. అడ్డంగా ఒక వరసలో ఉన్న పేరు, కొలత, తేదీ ఒకే పనికి సంబంధించినవని మనం అనుకుంటున్నాం. గళ్లకు ఆ సంగతి తెలియదు. పక్కపక్కన కూర్చున్న బస్సు ప్రయాణికుల్లాంటివి అవి. ఒకరు దిగిపోయినా రెండోవారికి పట్టదు. అట్లా కాకుండా సమాచారం దాచే ఇంకో పద్ధతి డేటాబేస్. అందులో వరస అంటే ఒక కట్ట. ఎట్లా సర్దినా కట్టకు కట్టే కదులుతుంది తప్ప, అందులోంచి ఒక పుల్ల విడిగా జారిపోదు.

ఇట్లా పట్టికల్లో దాచే డేటాబేస్ పద్ధతికి మూలపురుషుడు ఎడ్గర్ కాడ్. ఇంగ్లండులో పుట్టి, అమెరికాలో ఐబీఎంలో పనిచేసినవాడు. సమాచారాన్ని పట్టికలుగా విడదీసి, ఒక్కో సంగతిని ఒక్కచోటే రాసి, పట్టికల మధ్య సంబంధం గుర్తుల ద్వారా కలపాలని 1970లో ఒక వ్యాసం రాశాడు. బ్యాంకులతో సహా ఇవ్వాళ పెద్ద లెక్కలు చాలావరకు ఆ దారిలోనే నడుస్తాయి. పెద్దవాళ్ల సంగతి ఎందుకు, మీ చేతిలో ఫోనుందా? అందులో వాట్సాప్ మాటలన్నీ ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లోనే ఉంటాయి. దాన్ని రిచర్డ్ హిప్ అనే ఆయన 2000లో తెచ్చి అందరికీ ఉచితంగా ఇచ్చాడు.

గుర్తు అన్నాను. అది మనకు కొత్తదేం కాదు. చాకలి బట్టల మూలన పెట్టే గుర్తును చూడండి. చొక్కా మీద ఇంటాయన పేరు, ఊరు, వీధి రాయదు. ఒక చుక్క, రెండు గీతలు. ఆ గుర్తు ఏ ఇంటిదో ఆమెకు తెలుసు. ఇల్లు మారినా గుర్తు మారదు. రెండిళ్లకు ఒకే గుర్తు ఉండదు. డేటాబేస్ కోరేది సరిగ్గా ఈ రెండే. నేను మొదట ఫోన్ నంబరునే గుర్తుగా పెట్టుకుందామనుకున్నాను. కుదరలేదు. మా ఊళ్లలో ఒక నంబరు మీద అత్తా కోడలూ ఇద్దరుంటారు. ఒకే మనిషికి రెండు సిమ్ములుంటాయి. పేరు అసలే పనికిరాదు. వెంకటేశ్వర్లు అనే ఆయన నా పాత షీటులో నాలుగు రకాల ఇంగ్లీషు స్పెల్లింగులతో నలుగురయ్యాడు, నలుగురికీ విడివిడి బాకీలు. అందుకని మనిషికో నంబరు, పనికో నంబరు నేనే ఇచ్చాను. పని నంబరు చీటీలో సగం చించి వాళ్లకిస్తాను, సగం ఫొటో వెనక అంటిస్తాను.

పేర్లు తెలుగులోనే రాయడం మొదలుపెట్టాను. దానికీ ఒక మెలిక ఉంది. ఫ్లెక్సీలు వేసే దుకాణాల్లో వాడే పాత అను ఫాంట్ల అక్షరాలు పైకి తెలుగు, లోపల ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. అక్కడి నుంచి పేరు తెచ్చి అతికిస్తే చెత్తగా కనిపిస్తుంది, వెతికితే దొరకదు. యూనికోడ్ కీబోర్డుతో కొట్టినదే వెతుక్కోవడానికి పనికొస్తుంది.

నేను వాడేది లిబ్రెఆఫీసులోని బేస్. డబ్బు పెట్టి కొనక్కర్లేదు. హైదరాబాదులో ఉండే మా తమ్ముడు ఫోన్లో చెబుతూ ఉంటే అయిదు పట్టికలు కట్టుకున్నాను. మనుషులు ఒకటి, పనులు ఒకటి, ఒక్కో పనిలోని ఫ్రేములు ఒకటి, పట్టీలు ఒకటి, జమలు ఒకటి. మనిషి ఫోను మారితే ఒక్కచోట మారుస్తాను. పనులున్న మనిషి పేరు పొరపాటున తీసేయబోతే అది ఒప్పుకోదు. ధర దగ్గర తమ్ముడితో వాదన పడ్డాను. ప్రతి సంగతీ ఒక్కచోటే రాయాలంటివి, పట్టీ ధర పట్టీల పట్టికలో ఉండగా ఫ్రేముల పట్టికలో మళ్లీ ఎందుకు అన్నాను. "అక్కా, ఇవ్వాళ్టి ధర వేరు, ఆ రోజు అమ్మిన ధర వేరు. రెండూ రెండు సంగతులు" అన్నాడు. కిందటేటి బిల్లులు ఎందుకు పెరిగాయో అప్పుడు బోధపడింది.

నాన్నకు ఇదంతా చూపిస్తే రెండు నిమిషాల్లో పట్టేశారు. "పనులు, జమలు రాసేది చిట్టా. నువ్వు అడిగినప్పుడు ఆవర్జా అదే రాసుకుంటది. రాత్రిపూట ఎక్కించే పని తప్పింది, అంతేగా?" అన్నారు. నేను రెండు వారాలు తమ్ముడి బుర్ర తిని నేర్చుకున్నదంతా అంతే.

ఇప్పుడు పొద్దున కొట్టు తెరవగానే అడిగే ప్రశ్న ఒకటే. ఈ మూడు రోజుల్లో ఇవ్వాల్సినవేవి? అందులో దినానికి కావాల్సిన ఫొటోలు పైకి రావాలి. పెళ్లి ఫొటో రెండు రోజులు ఆలస్యమైతే తిట్టుకుంటారు, పదకొండో రోజు మాత్రం ఆగదు. చాలాసార్లు వాళ్లు తెచ్చేది ఆధార్ కార్డే. మనిషికి దిగిన ఫొటో అదొక్కటే ఉంటుంది. లేదంటే ఏ పెళ్లి గుంపులోనో వెనక వరసలో సగం ముఖం. దాన్ని స్టూడియోకు పంపి, పెద్దది చేయించి, తెప్పించి కట్టాలి. స్టూడియోకు పంపిన తేదీకి కూడా ఒక గడి పెట్టాను. ఈ పనులకు ధర వేరే, ఖర్చూ కూలీ మాత్రమే. నాన్న పెట్టిన పద్ధతి అది. ఆయన ఎక్కడా రాయలేదు, నేను రాశాను.

షీటును పారేయలేదు. కొత్త పట్టీ వస్తే ధర అటూ ఇటూ మార్చి చూసుకోవడానికి దాన్ని మించింది లేదు. అది సుద్దముక్క, పలక. ఎక్సెల్ షీటులో పది లక్షల నలభై ఎనిమిది వేల పైచిలుకు వరసలుంటాయి. రోజుకు నాలుగు పనులు రాసినా నాకు ఏడు వందల ఏళ్లు వస్తుంది. చోటు చాలక డేటాబేస్‌కు పోలేదు నేను. కరెంటు పోతుంది కాబట్టి యూపీఎస్, రాత్రి మూసేముందు పెన్‌డ్రైవులోకి ఒక కాపీ, ఇంటర్నెట్లోకి ఒక కాపీ. పెన్‌డ్రైవు ఇంట్లో దేవుడి గూట్లో ఉంటుంది.

ఒక్కచోట మాత్రం ఇంకా తేలలేదు. పని ఏ దశలో ఉందో చెప్పే గడిలో మూడే మాటలు పెట్టాను. వచ్చింది, రెడీ, తీసుకెళ్లారు. వీటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలి, ఖాళీగా వదిలితే ఒప్పుకోదు. రెడీ అయి నెల దాటినవేవని అడిగినప్పుడల్లా కొన్ని పేర్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ఫోన్లు చేశాం. కొందరు వచ్చి తీసుకుపోయారు. ఒక పెళ్లి ఫొటో ఉంది, 20-30, రెండంగుళాల బంగారు పట్టీ. పిల్ల పుట్టింటికి వచ్చేసిందని ఊళ్లో అందరికీ తెలుసు. ఎవరికి ఫోన్ చేయాలి? కాలేజీలో చేరబోతున్న అబ్బాయి పదో తరగతి సర్టిఫికెట్ నకలు ఒకటుంది, వాళ్లు ఊరే విడిచిపోయారు. అద్దం, పట్టీ ఊడదీసి వాడుకోవచ్చు, పెట్టుబడైనా వస్తుంది. మేస్త్రి రెండుసార్లు అడిగాడు కూడా.

కిందటి నెల ఆ గడిలో నాలుగో మాట చేర్చాను. "ఉంచాం." ఇప్పటికి అందులో మూడున్నాయి. పై అరలో, గుడ్డ కప్పి పెట్టాం.